పిస్తోలు గొట్టం వెనక్కి జరిగి కిందికి ఎందుకు దిగుతుంది?

ప్రశ్న:
నేను మెకానికల్ ఇంజినీరింగ్ మూడవ సంవత్సరం చదువుతున్నాను. లింకులు, క్యామ్‌ల పాఠం చదువుతుండగా 1911 నాటి కోల్ట్ పిస్తోలు కోతచిత్రం ఒకటి చూశాను. పేలినప్పుడు స్లైడుతో (పిస్తోలు పైన ముందుకూ వెనక్కీ జారే భాగం) పాటు గొట్టం కూడా కొద్దిగా వెనక్కి జరిగి, ఆపైన దాని వెనుక భాగం కిందికి దిగుతున్నట్టు అందులో ఉంది. గొట్టం ఇలా కదిలితే గురి చెడిపోదా? వాల్తర్ పీపీకే వంటి చిన్న పిస్తోళ్ళలో గొట్టం ఫ్రేముకే బిగించి ఉంటుందని చదివాను. అక్కడ అక్కరలేనిది ఇక్కడ ఎందుకు కావలసి వచ్చిందో దయచేసి వివరించగలరు.

సమాధానం 1:
పెద్ద తూటాలో (గుండు, మందు, వాటిని పట్టి ఉంచే లోహపు తొడుగు కలిసినది) పీడనం ఎక్కువ. గుండు బయటికి వెళ్ళకముందే స్లైడు తెరుచుకుంటే ఖాళీ తొడుగు చిట్లి వేడి వాయువులు వెనక్కి తన్నే ప్రమాదం ఉంది. అందుకే గుండు వెళ్ళేదాకా స్లైడు కదలకుండా తాళం వేస్తారు.

సమాధానం 2:
పై సమాధానంలో కారణం సరిగానే చెప్పారు కానీ, 'కదలకుండా' అన్న మాట దగ్గర చిన్న సవరణ అవసరం. గుండు ముందుకు కదిలిన క్షణం నుండే స్లైడు వెనక్కి కదలడం మొదలవుతుంది. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ఎవరి కోసమూ ఆగదు. తాళం చేసే పని స్లైడును ఆపడం కాదు, స్లైడునూ గొట్టాన్నీ ఒకే ముద్దగా కదిలేటట్టు పట్టి ఉంచడం. రెండూ కలిసి ఎంత వెనక్కి జరిగినా వాటి మధ్య సందు ఏర్పడదు కనుక తూటా తొడుగు, గొట్టం వెనుక తాను కూర్చునే గదిలో భద్రంగానే ఉంటుంది.

లెక్క వేసి చూడండి. 9 మి.మీ. గుండు బరువు సుమారు 8 గ్రాములు. స్లైడు, గొట్టం కలిపి 400 గ్రాములు అనుకుంటే అది 50 రెట్లు. మందు వాయువుల బరువునూ స్ప్రింగు నిరోధాన్నీ పక్కన పెడితే, గుండు గొట్టంలో 10 సెం.మీ. ప్రయాణించేసరికి ఈ జంట 2 మి.మీ. మాత్రమే వెనక్కి వస్తుంది. అంతకన్నా కొంచెం ఎక్కువ దూరం జరిగాకే తాళం విడేటట్టు రూపొందిస్తారు. గొట్టం కిందికి దిగే వేళకు గుండు వెళ్ళిపోయి ఉంటుంది, పీడనమూ పడిపోయి ఉంటుంది. కాబట్టి ఆ కదలిక గురిని చెరపదు. గురికి ముఖ్యమైనది, స్లైడు తిరిగి ముందుకు వచ్చినప్పుడు గొట్టం ప్రతిసారీ అదే చోట కుదురుకోవడం.

ఇక మీరు చూసిన లింకు సంగతి. గొట్టం పైన ఉన్న అడ్డుపళ్ళు స్లైడు లోపలి గాళ్ళలో కూర్చుని ఉంటాయి. గొట్టం అడుగున వేలాడే చిన్న లింకు, ఫ్రేములోని పిన్ను చుట్టూ తిరుగుతూ గొట్టం వెనుక భాగాన్ని కిందికి లాగుతుంది. పళ్ళు గాళ్ళను వదులుతాయి, గొట్టం ఆగిపోతుంది, స్లైడు ఒంటరిగా వెనక్కి పోయి ఖాళీ తొడుగును విసిరేస్తుంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1900 నాటి కోల్ట్ పిస్తోలులో ముందొకటి, వెనుకొకటి రెండు లింకులు ఉండేవి కనుక గొట్టం వాలకుండా సమాంతరంగా దిగేది. 1911లో ఒక్క లింకుతోనే తాళం విడిపించడం ఆయన ప్రతిభకు గొప్ప నిదర్శనమని నేను భావిస్తాను.

పీపీకే తూటా బలహీనమైనది. అక్కడ స్లైడు త్వరగా తెరుచుకోకుండా చూడటానికి దాని బరువూ స్ప్రింగు బిగువూ చాలు. అదే పద్ధతిలో పూర్తి శక్తి గల 9 మి.మీ. తూటాను వాడాలంటే స్లైడును చాలా బరువుగా చేయవలసి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. తాళం అంటే కలిసి కదలడమని ఇప్పుడు స్పష్టమైంది. అయితే నేటి పిస్తోళ్ళలో లింకు కనిపించదేమిటి?

సమాధానం 2 రాసినవారు:
లింకు చేసే పనిని గొట్టం అడుగునే చెక్కిన వాలు గాడి చేస్తుంది. 1926లో బ్రౌనింగ్ మరణించాక బెల్జియంలో ఆయుధ రూపకర్త ద్యుదొనే సైవ్ పూర్తి చేసిన 1935 నాటి హై-పవర్ పిస్తోలులో ఈ ఏర్పాటే ఉంది. మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 9 మి.మీ. 1ఏ పిస్తోలు దాని రూపమే. గ్లాక్ పిస్తోలులో గొట్టం పైన అడ్డుపళ్ళు కూడా లేవు. తూటా గది చుట్టూ ఉన్న చదరపు దిమ్మ, తొడుగులు బయటపడే కిటికీలోనే ఇమిడి తాళంగా పనిచేస్తుంది. వాల్తర్ పీ38, బెరెట్టా 92లలో గొట్టం అసలు వాలదు, తిన్నగా వెనక్కి వస్తుంది. దాని కింద ఉన్న విడి దిమ్మ ఒక్కటే దిగి తాళం విడిపిస్తుంది. మీ పాఠం కోసం గీసి చూడాలనుకుంటే మొదట 1911 లింకునే గీయండి. పిన్ను కేంద్రంగా చాపం గీస్తే, మొదటి కొద్ది మిల్లీమీటర్లలో గొట్టం దాదాపు దిగకపోవడం, ఆ తరువాత చకచకా దిగడం కాగితం మీదే కనిపిస్తుంది.