బీచ్‌లో పిలిస్తే రాని లాబ్రడార్

ప్రశ్న: 8 నెలల కుక్క. ఇంట్లో “రా” అంటే పరిగెత్తుకొస్తుంది. ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తుల బండి కనిపిస్తే ఇక వినదు. బిస్కెట్ చూపించినా అంతే. ఏం చేయాలండీ?

జవాబు 1: అక్కడ బిస్కెట్ ఏం పనిచేస్తుంది! ఉప్పు, మసాలా వేయకుండా ఉడికించిన బోన్‌లెస్ చికెన్, బఠాణీ గింజంత ముక్కలు పట్టుకెళ్ళండి. చూపించి పిలవకండి, అది లంచం. వచ్చాక వెంటనే పెట్టండి. 10 మీటర్ల తాడు హార్నెస్‌కి (ఛాతీ చుట్టూ వేసే పట్టీకి) కట్టండి, కాలర్‌కి వద్దు, పరుగులో మెడ పట్టేస్తుంది. ముందు మేడ మీద ప్రాక్టీస్ చేయించండి, తర్వాత ఖాళీ వీధిలో, బీచ్ ఆఖరున. ఒక్కసారే పిలవండి. పదేపదే అరిస్తే ఆ మాటకి విలువ పోతుంది.

జవాబు 2: రాగానే లీష్ వేసి ఇంటికి లాక్కెళ్తున్నారా? అయితే రావడమంటే ఆట బందే అని దానికి అర్థమవుతుంది. ఎక్కువసార్లు ముక్క పెట్టి మళ్ళీ ఆడుకోనివ్వండి.

జవాబు 3: “వదిలెయ్” కూడా నేర్పండి. తిని పారేసిన పొత్తు మింగితే పేగుల్లో అడ్డుపడుతుంది, ఆపరేషన్ దాకా వెళ్ళొచ్చు.