మూడు నెలల పని ఆపేశాక టీమ్‌లో ఊపు పోయింది, పీఎంలు (ప్రాజెక్ట్ మేనేజర్లు) ఏం చేస్తున్నారు?

రాయదుర్గం_పీఎం:
మాది తొమ్మిది మంది టీమ్, కిరాణా దుకాణాల వాళ్లు లెక్కలు చూసుకునే యాప్. ఆగస్టు నుంచి కూర్చుని చేసిన అప్పుల ఖాతా ఫీచర్‌ని విడుదలకు పది రోజుల ముందు పైవాళ్లు ఆపేశారు. అప్పటినుంచి స్టాండప్‌లో (రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్) అందరి కెమెరాలూ ఆఫ్, "నిన్నటి పనే సార్" అని ఒక్క ముక్క, అంతే. మొన్న శుక్రవారం అందరికీ చికెన్ బిర్యానీ తెప్పించా, తిని ఎవరి సీటుకి వాళ్లు వెళ్లిపోయారు. నెలనెలా అవార్డు పెడితే పని చేస్తుందా? దానికితోడు రాత్రి 8 గంటల అమెరికా కాల్ ఈ నెల నుంచి 9కి జరిగింది. మీ అనుభవాలు చెప్పండి.

కరీంనగర్_కోడర్:
కార్తీక మాసంలో చికెన్ బిర్యానీ ఏంటన్నా? కిందటేడు మా దగ్గరా ఇదే జరిగింది. పన్నెండు మందిలో ఐదుగురం నెలంతా నీచు ముట్టం, మాకు పెరుగు చట్నీ, ఉల్లిపాయ ముక్కలు మిగిలాయి. తిండి దొరకలేదని కాదు బాధ, మూడేళ్లు పక్కన కూర్చున్న మనిషి ఏం తింటాడో కూడా మా పీఎంకి తెలీదని.

గచ్చిబౌలి_బ్యాకెండ్:
ఆయన అడిగింది టీమ్ గురించి, నువ్వు బిర్యానీ పట్టుకున్నావ్. మంచి మనసుతో పెట్టినదాన్ని కూడా తప్పు పడితే రేపటినుంచి ఏ పీఎం టీ కూడా తాగించడు.

కరీంనగర్_కోడర్:
నేను చెప్పేదీ టీమ్ గురించే. మనిషికి ఏం కావాలో అడక్కుండా మనకు తోచింది చేసి, వాళ్లు సంతోషపడలేదని అనుకోవడం ఏంటి? నాకైతే విడుదల కోసం పనిచేసిన రెండు శనివారాలకు కాంప్ ఆఫ్, అంటే బదులు సెలవు, ఇస్తే చాలు.

గచ్చిబౌలి_బ్యాకెండ్:
కాంప్ ఆఫ్ పీఎం చేతిలో ఉంటుందా? హెచ్‌ఆర్‌ని అడుగు. ఊరికే నోరు పారేసుకోవడం కాదు.

కరీంనగర్_కోడర్:
నోరు పారేసుకున్నది ఎవరో పైన చదువు.

వైజాగ్_టెస్టర్:
ఆ బిర్యానీ గోల ఇక చాలండి. ఫీచర్ ఆపేస్తే టెస్టర్లకు చెప్పేవాళ్లే ఉండరు. నేను 140 టెస్ట్ కేసులు రాసుకుని సోమవారం పొద్దున్నే కూర్చున్నా, మధ్యాహ్నం దాకా పరీక్షించాక పక్క టీమ్ కుర్రాడు "అది శుక్రవారమే ఆపేశారుగా" అన్నాడు. ఆ పూట నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. తర్వాత వచ్చిన పీఎం మేడమ్ మాత్రం ప్రతి డెమోలో "ఈ తప్పు విడుదలకు ముందే పట్టింది ఫలానా" అని పేరు పెట్టి చెప్పేవారు. ఖర్చు లేని పని. ఆవిడ ఉన్నన్నాళ్లు నేను వేరే ఉద్యోగం వెతుక్కోలేదు.

స్క్రమ్_సీనియర్:
పదహారేళ్లుగా ఇదే పని చేస్తున్నా, నాలుగు టీమ్‌లను ఇంతకంటే అధ్వాన్నమైన స్థితి నుంచి లేపా, కాబట్టి వినండి. మీ జబ్బు స్టాండప్‌లోనే ఉంది. నిన్న ఏం చేశావ్, ఇవాళ ఏం చేస్తావ్, అడ్డంకులేంటి అనే మూడు ప్రశ్నల్ని, స్క్రమ్ అనే ఈ టీమ్ పని పద్ధతికి ఉన్న గైడ్‌లోంచి 2020లో తీసేశారు. ఆ 15 నిమిషాలు డెవలపర్లు తమ ప్లాన్ తాము సరిచూసుకోవడానికి, పీఎంకి హాజరు పలకడానికి కాదు. రెండు వారాలు ఆ మీటింగ్‌కి వెళ్లకండి.

గచ్చిబౌలి_బ్యాకెండ్:
మూడు నెలల పని పోయిన టీమ్‌కి పీఎం కూడా కనబడకపోతే "వదిలేసి పోయాడు" అనుకుంటారు. గైడ్‌లో ఉన్నదంతా ఇక్కడ నడవదు సార్.

స్క్రమ్_సీనియర్:
నేను చేసి చూపించిన దాని గురించి చెప్తున్నా. మీరు ఎన్ని టీమ్‌లు నడిపారో చెప్పి తర్వాత మాట్లాడండి.

ఫ్రంటెండ్_మియాపూర్:
మీటింగులు మార్చితే మా టీమ్‌లో ఏమీ మారలేదు. మారింది ఒక్క మధ్యాహ్నం. మాదీ ఇలాంటి యాపే, పీఎం మమ్మల్ని ముగ్గుర్ని అమీర్‌పేటలో ఓ కిరాణా కొట్టుకి తీసుకెళ్లారు. మేం ఒక మూల నిలబడి చూస్తున్నాం. ఓ పెద్దాయన శనగపిండి అంటిన వేలిని చొక్కాకి తుడుచుకుని, ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని, నేను చేసిన స్క్రీన్ తెరిచాడు. పైన పెద్దగా "క్రెడిట్" అని ఉంది. బ్యాంకు మెసేజ్‌లో క్రెడిట్ అంటే డబ్బు వచ్చినట్టు కదా, ఆయనా అలాగే చదువుకున్నాడు. "గిది పైసలొచ్చినట్టా, రావాల్నా?" అని నన్నే అడిగాడు. తర్వాత ఫోన్ పక్కన పెట్టేసి పాత పుస్తకం తీసి రాసుకున్నాడు. మెట్రోలో తిరిగొస్తుంటే ఎవ్వరం మాట్లాడలేదు. ఆ రాత్రే ఇంట్లో కూర్చుని "క్రెడిట్" తీసేసి "ఉద్దెర" అని పెట్టా, నన్నెవరూ అడగలేదు, ఆ పని అప్పగించిన టికెట్ కూడా లేదు. నెల తర్వాత మళ్లీ వెళ్తే ఆయన పుస్తకం తీయలేదు. ఆరేళ్ల ఉద్యోగంలో నాకు అంత ఊపు ఏ అవార్డూ ఇవ్వలేదు.

డాలస్_తెలుగు:
కాల్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి చెప్తున్నా. నవంబర్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతాం, మాకు అదే పొద్దున 9:30, మీకు 8 కాస్తా 9 అవుతుంది, మార్చి దాకా అంతే. నేనూ మూడు చలికాలాలు అలాగే నడిపా. ఓ రోజు హైదరాబాద్ నుంచి ఒకమ్మాయి మైక్ ఆన్ చేయగానే వెనక నుంచి "అమ్మా, నిద్దరొస్తోంది" అని పిల్లాడి గొంతు వినబడింది. ఆ మర్నాడే చలికాలం కాల్‌ని ఇక్కడ 8:30కి మార్చాం, మాకు పోయింది ఒక్క గంట నిద్ర. అటువైపు వాళ్లను నేరుగా అడగండి, చాలామందికి తట్టదు, అంతే.

రాయదుర్గం_పీఎం:
అందరికీ థాంక్స్. కాల్ గురించి నిన్న రాత్రే అడిగా, వచ్చే వారం నుంచి మళ్లీ 8కే. కరీంనగర్ అన్నా, మా వాళ్లలోనూ ముగ్గురు ఆ రోజు తినలేదట, నేను చూసుకోలేదు, తప్పు నాదే. సోమవారం టీమ్‌ని కూర్చోబెట్టి ఫీచర్ ఎందుకు ఆపారో నాకు తెలిసినంతా చెప్పా, నాకూ ముందురోజు రాత్రే తెలిసిందని కూడా చెప్పా. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరికంటే చిన్నవాడు "ఈ మాట ఆ రోజే చెప్పుంటే బాగుండేది సార్" అన్నాడు. గురువారం నలుగురం సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కి వెళ్తున్నాం.

వైజాగ్_టెస్టర్:
మియాపూర్ మేడమ్, ఉద్దెర అంటే మా వైపు దుకాణాల్లో అర్థం కాదండి, అరువు అంటారు.

కరీంనగర్_కోడర్:
మా వైపు అరువు అంటే నవ్వుతారు. ఉద్దెర అనే ఉంచండి.

ఫ్రంటెండ్_మియాపూర్:
యాప్ మొదట్లోనే జిల్లా అడుగుతుందిగా, దాన్ని బట్టి మాట మార్చొచ్చు. రేపు చూస్తా.