వ్యాన్‌లోనే కాపురం: పన్నెండు వోల్టుల ఫ్రిజ్ కొనాలా, ఇంటి చిన్న ఫ్రిజ్ చాలా?

చక్రాలగూడు (బెంగళూరు)

మారతహళ్లిలో అద్దె ఇల్లు వచ్చే నెల ఖాళీ చేస్తున్నాం. ఇకపై నివాసం ట్రావెలర్ వ్యాన్‌లోనే. పడక, స్టవ్వు, నీళ్ళ ట్యాంకు అన్నీ అమరాయి. పైకప్పు మీద 400 వాట్ల సోలార్ పలకలు, సీటు కింద 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ ఉన్నాయి. పేచీ అంతా ఫ్రిజ్ దగ్గరే.

నేరుగా 12 వోల్టుల మీద నడిచే, పైనుంచి మూత తెరిచే 40 లీటర్ల పెట్టె ఫ్రిజ్ కొందామని నేనంటాను. అది ముప్పై వేల పైమాటే. పది పన్నెండు వేలకు 45 లీటర్ల ఇంటి ఫ్రిజ్ వస్తుంటే మూడింతలు ఎందుకు పోయాలి, బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ పెట్టి నడుపుదాం అని మా ఆవిడ అంటుంది. పనిదినాల్లో బెంగళూరు, నెలకోసారి చెన్నైలో మా అత్తగారింటి దగ్గర మకాం. ఇది సెలవుల షికారు కాదు, ఏడాది పొడవునా ఇదే మా వంటగది. తెలిసినవారు తేల్చండి.

ఎస్పీరోడ్డు (బెంగళూరు)

మీ శ్రీమతి గారి లెక్కలో కొనే ధర ఉంది, రోజూ తినే కరెంటు లేదు.

12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ తిరిగేటప్పుడు 45 నుంచి 60 వాట్లు లాగుతుంది. కానీ ఎప్పుడూ తిరుగుతూ ఉండదు. బెంగళూరు వాతావరణంలో గంటకు ఇరవై నిమిషాలు తిరిగితే, రోజుకు దాదాపు 400 వాట్-అవర్లు, అంటే అర యూనిట్ కూడా కాదు. మీ బ్యాటరీ నిండితే 1,280 వాట్-అవర్లు ఉంటుంది. అందులో వెయ్యి వాడుకోవచ్చు.

ఇంటి చిన్న ఫ్రిజ్ కూడా ఇంచుమించు అంతే తింటుంది. తేడా వచ్చేది ఇన్వర్టర్ దగ్గర. ఫ్రిజ్ నిద్రపోయినా ఇన్వర్టర్ మేలుకునే ఉంటుంది. దాని సొంత తిండి 10-15 వాట్లు. ఇరవై నాలుగు గంటలకు 240 నుంచి 360 వాట్-అవర్లు! గ్లాసుడు నీళ్ళు కూడా చల్లబడకుండానే ఇంకో ఫ్రిజ్‌కు సరిపడా కరెంటు ఖర్చైపోయింది. పైగా మామూలు కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో అయిదారు రెట్లు లాగుతుంది, చవక ఇన్వర్టర్లు అక్కడే చేతులెత్తేస్తాయి. కరెంటును మెట్లు మెట్లుగా ఇచ్చే స్క్వేర్ వేవ్ రకం పెడితే మోటారు వేడెక్కి మూలుగుతుంది. కాబట్టి ఇంటి కరెంటులా నున్నటి అల ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్‌ది, వెయ్యి వాట్లది కొనాలి. దాని ధర కూడా కలిపి చూడండి, మిగిలేదెంతో.

చట్నీప్రియ (బెంగళూరు)

ఎస్పీరోడ్డు గారూ, ఇన్వర్టర్ ఖర్చంతా ఫ్రిజ్ పద్దులో రాయడం అన్యాయం. కాపురం అన్నాక మిక్సీ ఉండదా? ఐదు వందల వాట్ల మిక్సీ పన్నెండు వోల్టుల మీద తిరుగుతుందా? లాప్‌టాప్‌లు? వారిద్దరూ వ్యాన్‌లోనే పనిచేసేవారైతే ఇన్వర్టర్ పొద్దంతా ఆన్‌లో ఉంటుంది.

ఇంకో సంగతి. 180 లీటర్ల ఐదు నక్షత్రాల ఇంటి ఫ్రిజ్‌లలో ఏడాదికి 130 యూనిట్ల లోపు లేబుల్ ఉన్నవి దొరుకుతున్నాయి. రోజుకు 350 వాట్-అవర్లన్నమాట. మీ నలభై లీటర్ల పెట్టె తినేదీ అంతే కదా! ట్రావెలర్‌లో చోటు ఉంటే ఇన్వర్టర్ కంప్రెసర్ (అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే రకం) ఉన్న పెద్ద ఫ్రిజ్ ఎందుకు పెట్టుకోకూడదు? పెట్టె ఫ్రిజ్‌లో అడుగున ఉన్న పెరుగు గిన్నె తీయాలంటే పైనున్న టమాటాలు, పాలు, దోసెల పిండి అన్నీ బయట పెట్టాలి. రోజుకు పదిసార్లు ఆ పని చేసేది ఎవరో ఈ చర్చలో ఎవరూ అడగలేదు.

పెరుగన్నం (బెంగళూరు)

అసలు ఫ్రిజ్ ఎందుకండీ? బెంగళూరులో ఏ వీధి మలుపు తిరిగినా నందిని పాల కేంద్రం ఉంది. దోసెల పిండి ప్యాకెట్లు కిరాణా కొట్టులోనే. తెల్లవారకముందే పాలొస్తాయి, ఆకుకూరలు బండి మీద మన ముందుకే వస్తాయి. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, నెయ్యి వీటికి ఫ్రిజ్ అవసరమే లేదు. టెట్రా ప్యాక్ పాలు తెరవనంత వరకు నెలల తరబడి బయటే ఉంటాయి. మన అమ్మమ్మలు ఫ్రిజ్ లేకుండానే పదిమందికి వండి పెట్టారు.

చట్నీప్రియ

అమ్మమ్మలు మూడు పూటలా పొయ్యి ముందే కూర్చున్నారు కూడా.

తాంబరం తాతయ్య (చెన్నై)

పెరుగన్నం గారి మాట బెంగళూరు వరకు చెల్లుతుంది. తొమ్మిది వందల మీటర్ల ఎత్తులో ఉన్న ఊరది. మా చెన్నైలో రోహిణి కార్తెలో పొద్దున వండిన పప్పు మధ్యాహ్నానికే వాసన వేస్తుంది. 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది. అది బయట, నీడలో కొలిచిన వేడి. తలుపులు బిగించి ఎండలో నిలిపిన వ్యాన్ లోపల యాభై దాటుతుంది. చక్రాలగూడు బాబూ, నువ్వు ఏ ఫ్రిజ్ కొన్నా ఆ మధ్యాహ్నాన్ని దృష్టిలో పెట్టుకుని కొను. గంటకు ఇరవై నిమిషాల లెక్క అప్పుడు నలభై దాటుతుంది, 400 కాస్తా 800 అవుతుంది.

పదవీ విరమణ తర్వాత నేనూ మా ఇంటావిడా ఏడాదిలో ఎక్కువ భాగం బండిలోనే తిరుగుతాం. ఆమెకు ఇన్సులిన్ ఉంది. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అందుకని ఒక హెచ్చరిక. ఆరేడు వేలకు ‘కార్ ఫ్రిజ్’ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు కంప్రెసర్ ఉండదు. కరెంటు పారితే ఒక వైపు చల్లబడి, రెండో వైపు వేడెక్కే పెల్టియర్ పలక ఉంటుంది. అది బయటి వేడి కంటే ఇరవై డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. చెన్నైలో బయట నలభై ఉంటే లోపల ఇరవై. పాలు విరుగుతాయి, మందు పాడవుతుంది, పైగా అది ఆగకుండా తిరుగుతూ బ్యాటరీని ఊడ్చేస్తుంది. పెట్టె మీద ‘కంప్రెసర్’ అన్న మాట కనిపించకపోతే డబ్బు తీయవద్దు.

హోటల్ గదుల్లో వాడిన మినీబార్ ఫ్రిజ్‌లు పాత సామాన్ల కొట్లలో చవకగా దొరుకుతాయి. వాటిలో చాలావాటికీ కంప్రెసర్ ఉండదు. అమ్మోనియాతో పనిచేసే అబ్సార్ప్షన్ రకం. చప్పుడు చేయవు, నిజమే. కానీ వాటిని సమతలంగా నిలపాలి, కరెంటు కూడా చాలా ఎక్కువ తాగుతాయి.

ఎస్పీరోడ్డు

తాతయ్య గారు చెప్పిన దానికి ఇంకొకటి కలపాలి. పెట్టె ఫ్రిజ్‌లో అడుగు అన్నిటికంటే చల్లగా ఉంటుంది. తెరమీద 4 చూపిస్తున్నా అడుగున సున్నాకు దిగవచ్చు. ఇన్సులిన్ గడ్డకడితే, మళ్ళీ కరిగినా పనికిరాదు. కొత్తిమీర కట్ట అడుగున పడితే గాజు ముక్కలా బిగుసుకుపోయి, బయటకు తీయగానే నల్లగా మెత్తబడుతుంది. పెరుగు కూడా గడ్డకట్టి కరిగితే నీళ్ళు వదులుతుంది. ఒక చిన్న థర్మామీటర్ బుట్ట మధ్యలో పెట్టుకుని చూడండి, తెర మీది అంకెను నమ్మవద్దు.

చట్నీప్రియ గారూ, మిక్సీ తిరిగేది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలే ఇన్వర్టర్ ఆన్ చేసుకోవచ్చు. లాప్‌టాప్‌లు టైప్-సి రకమైతే 12 వోల్టుల చార్జర్ మీద నేరుగా ఎక్కుతాయి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు వరకు సోలార్ లేని వేళ ఇన్వర్టర్ ఎవరి కోసం మేలుకోవాలి? ఒక్క ఫ్రిజ్ కోసం. అందుకే ఆ ఖర్చు ఫ్రిజ్ పద్దులో రాశాను.

ఆ నూట ముప్పై యూనిట్ల లేబుల్ కదలని వంటింటి ఫ్రిజ్‌కు ఇచ్చింది. హొసూరు రోడ్డు గతుకుల్లో దాని తలుపు రబ్బరు ఎన్నాళ్ళు అతుక్కుని ఉంటుంది? 12 వోల్టుల పెట్టెలు ముప్పై డిగ్రీల వంపులో కూడా నడుస్తాయని చాలామంది తయారీదారులు రాసి ఇస్తారు. ఇంటి ఫ్రిజ్‌కు ఆ మాట ఎవరూ ఇవ్వరు.

చట్నీప్రియ

రాత్రి లెక్క ఒప్పుకుంటాను. గతుకుల లెక్క ఒప్పుకోను. పూర్తికాలం వ్యాన్‌లో ఉండేవారు రోజులో ఇరవై రెండు గంటలు ఆగే ఉంటారు. మా తమ్ముడి బండిలో ఇంటి ఫ్రిజ్‌ను రబ్బరు దిమ్మల మీద పెట్టి, తలుపుకు పడవ కొక్కెం బిగించాం. ఇప్పటికీ బాగానే నడుస్తోంది. ఫ్రీజర్ గదిలో మంచు పేరుకోవడం మాత్రం తలనొప్పే, చెన్నై తేమలో మరీను.

చక్రాలగూడు

ఎస్పీరోడ్డు గారూ, మా స్నేహితుడి 12 వోల్టుల ఫ్రిజ్ బ్యాటరీ నిండుగా ఉన్నా ఆగిపోతోంది. ఫ్రిజ్ నాసిరకం అంటున్నాడు. మాకూ అదే గతా?

ఎస్పీరోడ్డు

నూటికి తొంభై పాళ్ళు తీగదే దోషం. లైటర్ సాకెట్‌లో గుచ్చారా? ఆ ప్లగ్గు చివర ఒక స్ప్రింగు ఉంటుంది. గతుకుల్లో అది వదులై, అంటీఅంటనట్టు తగులుతూ వేడెక్కుతుంది. ప్లగ్గు తీసి చూస్తే ప్లాస్టిక్ అంచు కరిగి గోధుమరంగు తిరిగి ఉంటుంది.

రెండోది తీగ మందం. బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కు ఐదు మీటర్లు ఉంటే, పోనూ రానూ పది. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో ఐదు ఆంపియర్లు పారితే దారిలోనే 0.6 వోల్టులు పోతాయి. వదులు సాకెట్ దానికి తోడైతే బ్యాటరీ అయిపోయిందని ఫ్రిజ్ భ్రమపడి ఆగిపోతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల తీగలో ఆ నష్టం పావు వోల్టు లోపే. ఎస్పీ రోడ్డులోనో, చెన్నైలో అయితే రిచీ స్ట్రీట్‌లోనో ఆండర్సన్ కనెక్టర్ (గట్టిగా పట్టుకునే ప్లగ్గు జత) కొని, దారిలో ఫ్యూజు పెట్టి, నేరుగా కలపండి. బ్యాటరీ మరీ దిగిపోకముందే ఫ్రిజ్ ఆగిపోయేలా అందులో లో, మీడియం, హై అని మూడు రక్షణ మెట్లు ఉంటాయి. ఇంజిన్ బ్యాటరీకి కలిపితే హై. మీది వేరే లిథియం, దానికి సొంత రక్షణ ఉంటుంది కాబట్టి లో పెట్టుకోవచ్చు.

చక్రాలగూడు

చివరి సందేహం. చెట్టు కింద నిలిపితే సోలార్ రాదు, ఎండలో నిలిపితే ఫ్రిజ్ ఆగకుండా తిరుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

తాంబరం తాతయ్య

నీడే. ఫ్రిజ్ సంగతి తర్వాత, అందులో మనుషులు ఉండాలి కదా. ఇంజిన్ నడిచేటప్పుడు ఇంజిన్ కరెంటుతో మీ బ్యాటరీని నింపే 30 ఆంపియర్ల డీసీ చార్జర్ ఉంటే గంట ప్రయాణంలో 350 వాట్-అవర్లు ఎక్కుతుంది. ఈశాన్య రుతుపవనాల్లో రోజుల తరబడి ఎండ మొహం చూడని మాకు అదే ఆధారం.

ఎస్పీరోడ్డు

నేను ఒప్పుకోను. ఫ్రిజ్ కోసమే ఇంజిన్ తిప్పితే డీజిల్ డబ్బు ఎవరిస్తారు? పైకప్పు పలకకూ రేకుకూ మధ్య రెండు అంగుళాల ఖాళీ ఉంటే ఆ పలకే పైకప్పుకు గొడుగు. ఎండలోనే నిలపండి, ఫ్రిజ్‌ను ఎండ పడని పక్కన పెట్టండి. మధ్యాహ్నం కరెంటు మిగిలినప్పుడు ఉష్ణోగ్రత 1 డిగ్రీకి దించి, నీళ్ళ సీసాలు నింపి ఉంచండి. ఆ రోజు కొత్తిమీర లాంటివి మాత్రం పై బుట్టలోనే. లోపల ఇన్సులిన్ ఉంటే ఇంత కిందికి దించవద్దు, దానికి 2 డిగ్రీలు తగ్గకూడదు. సాయంత్రం 5కు మార్చండి. రాత్రి చాలాసేపు కంప్రెసర్ గొంతు వినిపించదు. మూడడుగుల దూరంలో పడుకునేవారికి అది చిన్న సుఖం కాదు.

చక్రాలగూడు

మా ఆవిడ మొదటి నుంచి చివరి వరకు చదివింది. ఇన్వర్టర్ పట్టు వదిలింది. కానీ పెట్టె ఫ్రిజ్‌లో వంగి వెతకడం తన వల్ల కాదని తేల్చి చెప్పింది. 12 వోల్టులదే, నిలువు తలుపు రకం, 65 లీటర్లది చూస్తోంది. ధర మాత్రం నేను అడిగిన దానికంటే ఎక్కువ.

పెరుగన్నం

యాభై వేలు! ఆ డబ్బుకు నందిని పెరుగు ఎన్నేళ్ళు వస్తుందో లెక్క కట్టారా?

ఎస్పీరోడ్డు

నిలువు తలుపుదైతే తెరిచిన ప్రతిసారీ చల్లగాలి కిందికి జారిపోతుంది, ఖర్చు కొంచెం పెరుగుతుంది. అయినా రోజూ వాడేవారికి నచ్చిందే సరైనది. తలుపు మాత్రం డ్రైవరు వైపుకు తిరిగి ఉండకుండా చూడండి, బ్రేకు వేస్తే లోపలి గిన్నెలన్నీ వచ్చి తలుపును గుద్దుతాయి. వెనక కంప్రెసర్‌కు గాలి ఆడే దారి వదలండి. బిగించే చోటు కొలతలు ఇక్కడ పెడితే తీగ ఎంత పొడవు కావాలో చెబుతాను.