కాంక్రీట్ ఫ్లోర్ మీద పాత ఎపాక్సీ తీసేదెలా?

ప్రశ్న: 400 చదరపు అడుగుల గోడౌన్ ఫ్లోర్. ఎపాక్సీ (నేల మీద వేసే గట్టి రెసిన్ పూత) అక్కడక్కడ పొక్కులు లేచింది, మిగతాచోట గట్టిగానే ఉంది. యాసిడ్ పోస్తే పోతుందా? కొత్త కోటు వేయాలి.

జవాబు 1: యాసిడ్ వద్దండి. అది సిమెంటును తింటుంది, గట్టిపడిన ఎపాక్సీని కాదు. ఫ్లోర్ గ్రైండర్ అద్దెకు తెచ్చుకోండి. కోటు మందంగా ఉంటే ముందు పీసీడీ సెగ్మెంట్లు (కోటును గీకి లేపే కృత్రిమ వజ్రపు పళ్లు), తర్వాత 30 గ్రిట్ డైమండ్ (గరుకుగా అరగదీసే సెగ్మెంట్లు). నేరుగా డైమండ్‌తో మొదలుపెడితే వేడికి ఎపాక్సీ మెత్తబడి సెగ్మెంట్లకు పూసుకుపోతుంది, ఇక కోయదు. మూలలకు యాంగిల్ గ్రైండర్, దానికి కప్ వీల్ (గిన్నె ఆకారపు అరగదీసే చక్రం). వాక్యూమ్ తప్పనిసరి. మూతికి గుడ్డ కట్టుకుంటే చాలదు, కనీసం ఎన్95 మాస్క్ పెట్టుకోండి; కాంక్రీట్ అరగదీస్తే లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేసే నష్టం మళ్లీ బాగుపడదు.

జవాబు 2: పొక్కులకు కారణం తేల్చకుండా కొత్త కోటు వేయకండి. గ్రైండింగ్ అయ్యాక 18 అంగుళాల చదరం పాలిథిన్ షీటును నాలుగంచులా టేపుతో బిగించి, కనీసం 16 గంటలు వదలండి. కింద చెమ్మ కనిపిస్తే మాయిశ్చర్ బ్యారియర్ ప్రైమర్ (చెమ్మను ఆపే అడుగు పూత) లేకుండా ఏ కోటూ నిలవదు.

ప్రశ్న వేసినవారు: చెమ్మ లేకపోతే నేరుగా వేసేయొచ్చా?

జవాబు 1: నీటిచుక్కలు వేసి చూడండి. ఇంకకుండా ముత్యాల్లా నిలిస్తే నూనో పాత కోటో మిగిలినట్టే, అక్కడ మళ్లీ గ్రైండ్ చేయాలి. కొత్త ఎపాక్సీలోని రెండు భాగాలు, రెసిన్, హార్డెనర్ (గట్టిపరిచేది), కంపెనీ చెప్పిన పాళ్లలోనే కలపండి. కలిపింది బకెట్లో ఉంచితే వేడెక్కి గడ్డకడుతుంది, వెంటనే నేల మీద పోసి పరచండి.