శుక్రుడా, అంగారకుడా: ఒకప్పుడు ప్రాణి బతకగలిగింది ఎక్కడ?

బెంజిసర్కిల్:
నా ఓటు శుక్రుడికే. పరిమాణంలో దాదాపు భూమంత. 1978లో వెళ్లిన పయనీర్ వీనస్ వ్యోమనౌక కొలతల ప్రకారం అక్కడ హైడ్రోజన్‌లో డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పాలు భూమ్మీది కంటే వంద రెట్లకు పైనే. తేలికది ఎగిరిపోయి బరువుది మిగిలిందంటే, ముందు బోలెడు నీరు ఉండాలిగా?

రేగడినేల:
నీరు ఉండటం వేరు, నీళ్లు నిలవడం వేరండి. మీ లెక్క ఉత్త ఆవిరికీ సరిపోతుంది. 2021 నాటి ఒక కంప్యూటర్ వాతావరణ నమూనాలో మబ్బులు రాత్రివైపు చేరి వేడిని పట్టి ఉంచాయి, చుక్క వాన పడలేదు. సముద్రం నిలిచిందన్న 2016 నమూనా, సముద్రం ఉందనుకునే మొదలైంది. పేచీ అక్కడే. 465 డిగ్రీల నేల మీద పాత బురదరాయి దొరికితే తప్ప తేలదు.

అంగారకుడి రాయిని తొలిచి చూశాం. క్యూరియాసిటీ రోవర్ 2013లో అక్కడి గేల్ బిలంలో సుమారు 6.5 సెం.మీ. లోతు రంధ్రాలు చేసి పొడి తీసింది. అందులో ఐదో వంతు స్మెక్టైట్ అనే బంకమట్టి, నీళ్లు తగిలితే పుట్టేది. మన గుంటూరు నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చేది ఈ జాతి మట్టి వల్లే.

కొండవీడు:
మట్టి ఉంటే చెరువు ఉన్నట్టేనా? ఎక్కడో వేడినీటి ఊట దగ్గర పుట్టి కొట్టుకొచ్చి ఉండొచ్చుగా.

రేగడినేల:
అదీ చూశారు. దగ్గర్లోని ఇసుకతో పోలిస్తే ఆ రాయిలో ఆలివిన్ అనే ఖనిజం తక్కువ, మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం ఎక్కువ. ఆలివిన్ అక్కడే నీళ్లతో కలిసి మట్టిగా మారిందన్నమాట. పైగా ఆ నీటికి ఉప్పదనం తక్కువ, ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు.

ఇక రేణువు సంగతి. గాజు సీసాలో మూడో వంతు పొలం మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదపండి. ఇసుక నిమిషంలో దిగుతుంది, ఒండ్రు గంటల్లో, బంకమట్టి రోజులకు. ఉప్పు మాత్రం తగలనివ్వకండి, మట్టి గడ్డకట్టి త్వరగా దిగి లెక్క తప్పుతుంది. ప్రకాశం బ్యారేజీ ఎగువన మెత్తటి ఒండ్రు పేరుకునేదీ నీటి వేగం తగ్గే చోటే. గేల్ రాయీ మెత్తటి రేణువులదే, అంటే నిలిచిన నీట్లో దిగిన బురద.

బెంజిసర్కిల్:
సరే, చెరువే అనుకుందాం. ప్రాణం సంగతి? 1976లో అంగారకుడిపై దిగిన వైకింగ్ నౌక అక్కడి మట్టి మీద రేడియోధార్మిక కార్బన్ కలిపిన పోషక ద్రవం పోస్తే, ఏదో ప్రాణి తిని వదిలినట్టు ఆ కార్బన్‌తో వాయువు వచ్చింది కదా.

కొండవీడు:
వచ్చింది. రెండో విడత పోస్తే మాత్రం కొత్తగా పెద్దగా రాలేదు. మట్టిలోని ఆక్సీకారకాలూ ఆ పని చేయగలవు. అదే వైకింగ్ మట్టిని 500 డిగ్రీలకు కాల్చి, సేంద్రియాలు (ప్రాణానికి కావాల్సిన కార్బన్ పదార్థాలు) లేవంది. 2008లో అక్కడ దిగిన ఫీనిక్స్ నౌకకు మట్టిలో పెర్‌క్లోరేట్ అనే లవణం దొరికాక ఆ 'లేవు' మీదా నమ్మకం సడలింది, వేడికి అది సేంద్రియాలను కాల్చేస్తుంది గనక. రెండు ఫలితాలూ అనుమానమే.

రేగడినేల:
ఇప్పుడు చూడాల్సింది అంగారకుడి మీది జెజెరో బిలం. 2024 జులైలో పర్సెవరెన్స్ రోవర్ అక్కడ చిరుతమచ్చల రాయి ఒకటి చూసింది. ఆ మచ్చల్లో వివియనైట్ (ఇనుప ఫాస్ఫేట్), గ్రెయిగైట్ (ఇనుప సల్ఫైడ్) ఉన్నట్టు జాడలు. భూమ్మీద సూక్ష్మజీవులు ఇలాంటివి చేస్తాయి. జీవం లేకుండా సల్ఫేట్ సల్ఫైడుగా మారాలంటే మామూలుగా బాగా వేడి కావాలి, ఈ రాయి అంత కాగిన గుర్తులు లేవు. నమూనా గొట్టంలో భద్రంగా ఉంది, భూమికి తెచ్చి ఐసోటోపులు (ఒకే మూలకంలో తేలిక, బరువు రకాలు) కొలవడమే మిగిలింది.

బెంజిసర్కిల్:
ఆవిరి మాట ఒప్పుకున్నా. ఓటు మాత్రం ఆ గొట్టం వచ్చాకే మారుస్తా.