గుణింతం గుర్తులు "అక్షరాలు" కావా?

చిత్తూరు నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. మామిడి మండీకి ఒక డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ రాస్తున్నాను. గ్రిడ్‌లో రైతు పేరు, ఊరు, కాయ రకం, బరువు అని గడులున్నాయి. ఊరి గడిలో అంకెలు పడకూడదని కీప్రెస్‌లో (మీట నొక్కిన ప్రతిసారీ నడిచే కోడ్‌లో) చెక్ పెట్టాను. ఇప్పుడు తిరుపతి అని కొడితే "తరపత" అని పడుతోంది. గుడి కొట్టిన ప్రతిసారీ "అక్షరాలు మాత్రమే టైప్ చేయండి" అని మెసేజ్ వస్తోంది. అక్షరాలు అనే మాట బదులు "వర్ణాలు" అంటే సరిపోతుందా?

తిరుపతి నుంచి జవాబు:
మాట జోలికి వెళ్లకు తమ్ముడూ. వర్ణాలంటే మండీ గుమాస్తా రంగులనుకుంటాడు. ముందు ఆ చెక్ సంగతి చూడు. డాట్‌నెట్‌లో (మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదికలో) కొట్టింది లెటరా కాదా అని చెప్పే ఈజ్‌లెటర్ వాడి ఉంటావు. యూనికోడ్‌లో, అంటే అన్ని లిపులకూ కంప్యూటర్లు వాడే పట్టికలో, అచ్చులు, హల్లులు లెటర్ వర్గంలో ఉన్నాయి. గుడి, కొమ్ము, పొల్లు మార్క్ వర్గంలో ఉన్నాయి. ఈజ్‌లెటర్ వాటిని ఒప్పుకోదు. చిత్తూరు కొట్టి చూడు, "చతతర" అవుతుంది. పొల్లు కూడా పోతుంది కాబట్టి త్తూ కాస్తా రెండు త-లుగా విడిపోతుంది.

మన లెక్కలో గుణింతంతో, ఒత్తుతో కలిపి పలికేదే ఒక అక్షరం. ఛందస్సులో తిరుపతి నాలుగు అక్షరాలు, నాలుగూ లఘువులే, అంటే నల గణం. చిత్తూరు మూడు అక్షరాలు, గురువు గురువు లఘువు, త గణం. మన రెండు ఊళ్లూ ఇంద్రగణాలే, తలుచుకుంటేనే సంతోషంగా ఉంటుంది! కంప్యూటర్ మాత్రం తిరుపతిని 7 క్యారెక్టర్లుగా, చిత్తూరును 8గా దాచుకుంటుంది. గడికి మ్యాక్స్‌లెంగ్త్ (ఎన్ని క్యారెక్టర్లు పట్టాలనే హద్దు) పెట్టేటప్పుడు ఇది చూసుకో. ఒక్క "శ్రీ"కే 4 పోతాయి, శ్రీనివాసులు అని రాస్తే 12.

చిత్తూరు:
అలాగే అన్నా. మార్క్ వర్గాన్ని కూడా ఒప్పుకుంటే చాలా?

ఒక తెలుగు టీచర్:
బాబూ, నీకు వద్దనిపించింది అంకెలు ఒక్కటే కదా. ఆ మాటే చెప్పొచ్చు: "ఊరి పేరులో అంకెలు వద్దు." గుమాస్తాకు తనేం చేశాడో వెంటనే తెలుస్తుంది.

తిరుపతి:
మేడమ్ చెప్పిందే సరైన దారి. ఈజ్‌లెటర్ తీసేసి, ఈజ్‌డిజిట్ (కొట్టింది అంకేనా అని చెప్పేది) అయితే ఆపు. అది ౧, ౨ లాంటి తెలుగు అంకెల్ని కూడా పట్టుకుంటుంది. బ్యాక్‌స్పేస్‌కు అడ్డం రాదు. "రైస్‌మిల్లు"లో స్ కింద మ ఒత్తు పడకుండా ఆపే కనిపించని క్యారెక్టర్‌కూ అడ్డం రాదు. మార్కులు ఒప్పుకున్నంత మాత్రాన ఆ రెండూ దాటవు.

ఇంకొకటి. ఎక్కడినుంచో కాపీ చేసి పేస్ట్ చేసిన మాట అక్షరమక్షరంగా కీప్రెస్‌కు రాదు. అందుకని గడి దాటేటప్పుడు సెల్‌వ్యాలిడేటింగ్‌లో మొత్తం మాటను మళ్లీ చూడు. కీప్రెస్‌ను గ్రిడ్‌కే తగిలిస్తే గడిలో టైప్ చేసేవి అందవు, లోపలి టెక్స్ట్‌బాక్స్‌కు తగిలించాలి, అది గడిలో రాయడం మొదలవగానే నడిచే ఎడిటింగ్‌కంట్రోల్‌షోయింగ్‌లో దొరుకుతుంది. గ్రిడ్ అదే టెక్స్ట్‌బాక్స్‌ను మళ్లీ మళ్లీ వాడుకుంటుంది కాబట్టి, పాత హ్యాండ్లర్ (ముందు తగిలించిన కోడ్) తీసి కొత్తది పెట్టు. లేకపోతే ఒక్క అంకెకు మెసేజ్ నాలుగైదు సార్లు వస్తుంది.