మోటార్‌హోమ్ కొందామనుకుంటున్న, మైలేజీ చూడాల్నా బరువు చూడాల్నా?

నల్గొండ_బాటసారి:
అన్నలందరికీ నమస్తే. మాది నల్గొండ. ఇంట్ల ఆరుగురం, అమ్మ బాపు, నేను, మా ఆమె, ఇద్దరు పిల్లలు. బాపుకు మోకాళ్ల నొప్పులు, కారుల తిరుపతి దాక కూసొని వచ్చుడు ఆయన వశం గాదు, నడుమ జర ఒరగనీకె జాగ ఉండాలె, బాత్రూం ఉండాలె, అందుకే చాన్నాళ్ల సంది మోటార్‌హోమ్ కొనాలని చూస్తున్న. ఎక్కువ తిరిగేది సాగర్, శ్రీశైలం, సోమశిల దిక్కు, ఏడాదికోసారి తిరుపతి, అరుణాచలం.

సెకండ్ హ్యాండ్‌ల రెండు నచ్చినయి, రెండూ ఫోర్స్ ట్రావెలర్ వ్యాన్ మీద కట్టినయే. ఒకటి 3350 వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల నడుమ దూరం, మిల్లీమీటర్లల), లోపల సాదాగ ఉన్నది, పండుకునే జాగ, చిన్న సింకు, చిన్న బాత్రూం అంతే. రెండోది 4020, లోపల మొత్తం ఇల్లు లెక్కనే చేసిండ్రు, ప్లైవుడ్ కప్‌బోర్డులు, గ్రానైట్ గట్టు, షవర్, 200 లీటర్ల నీళ్ల ట్యాంకు, రెండు పెద్ద ఇన్వర్టర్ బ్యాటరీలు, పైన ఏసీ. ఇంట్లోళ్లకు రెండోదే కావాల్నట. అమ్మేటాయన 12 మైలేజీ గ్యారంటీ అంటున్నడు గని నాకు నమ్మబుద్ధి అయితలేదు. తెల్సినోళ్లు జర చెప్పుండ్రి, డీజిల్ ఖర్చు చూసుకొని చిన్నదే తీస్కోవాల్నా?

మిర్యాలగూడ_స్టీరింగ్:
తమ్మీ, మైలేజీ ముచ్చట తర్వాత, ముందుగాల కాంటా చీటీ అడుగు. ఆర్సీల గ్రాస్ వెయిట్ అని ఉంటది, బండి దాంట్ల ఉన్న జనం సామాను అంతా కలిపి అంతకు మించొద్దు. ఖాళీ బరువు గూడ ఉంటది గని అది ఏనాటిదో, లోపల కట్టుడు పని అయినంక మళ్ల తూకం వేయించిండ్రా లేదా నీకు తెల్వది. అందుకే బండిని ధర్మకాంటా మీదికి ఎక్కియ్యాలె. మా దిక్కు రైస్ మిల్లులున్న ప్రతి రోడ్డు మీద కాంటా ఉంటది, నల్గొండల గూడ జిన్నింగు మిల్లుల కాడ దొరుకుతది.

ఒక లెక్క చూడు, ఇది ఉత్తగ చెప్తున్న, నీ బండి లెక్క వేరే ఉంటది. గ్రాస్ 4000 కిలోలు అనుకో, కట్టుడు పని అయినంక ఖాళీ బండే 3600 తూగింది అనుకో. మిగిలింది 400. నలుగురు పెద్దోళ్లు తలకు 65 చొప్పున 260, పిల్లలిద్దరు 60, అక్కడికే 320 అయిపాయె. ఇగ నీ 200 లీటర్ల ట్యాంకు నింపితే 200 కిలోలు, లీటరు నీళ్లు అంటే కిలో గదా. ఇంకా బట్టలు, బియ్యం, గిన్నెలు, గ్యాస్ సిలిండర్ పెట్టనే లేదు, బండి ఓవర్‌లోడ్. ఇంటి సిలిండర్ నిండుది 30 కిలోల దాక ఉంటది, 5 కిలోల చిన్నది చాలు మీకు.

రెండో బండిల నాకు గుబులు పుట్టిచ్చేది ఆ గ్రానైటూ ప్లైవుడే. 18 ఎంఎం ప్లైవుడ్ 8x4 షీటు ఒక్కటే 30 కిలోల పైన ఉంటది, ఎన్ని షీట్లు కొట్టిండ్రో లెక్కేసుకో. గ్రానైట్ నాలుగు ఫీట్లు రెండు ఫీట్ల ముక్క 40 కిలోలు. ఆ ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీలు ఒక్కోటి 50 దాటుతయి, గదే కరెంటు లిథియంల అయితే సగం బరువు గూడ ఉండదు. ఇవన్నీ చూడనీకె మంచిగుంటయి, మోసేది మాత్రం ఇరుసులూ బ్రేకులూ.

పాలమూరు_హైవే:
స్టీరింగ్ అన్న చెప్పింది కరెక్టే, కాకుంటే డీజిల్ సంగతి గూడ చెప్పాలె, అడిగిండు గదా. సమానంగ పోయే హైవే మీద బరువు కంటే ఎక్కువ తాగించేది స్పీడు, బండి ఎత్తు. గాలి అడ్డం పడుడు స్పీడు స్క్వేర్ లెక్కన పెరుగుతది, అంటే 60 మీద పోయేటోడు 90కి పోతే గాలి తోపు రెండింతల కంటే ఎక్కువ, 2.25 రెట్లు. జడ్చర్ల నుంచి కర్నూలు దాక 44వ నంబరు హైవే మీద ఖాళీగ ఉన్నదని తొక్కితే ఏ బండైనా మైలేజీ పడిపోతది, పైన ఏసీ డబ్బా, క్యారియర్ ఉంటే ఇంకింత. 70–75 మీద పట్టుకొని పో, తేడా నీకే కనపడ్తది. బరువు దెబ్బ కొట్టేది మాటిమాటికి ఆగి లేసే కాడ, ఎక్కుడుల. ఊర్లు, స్పీడు బ్రేకర్లు, టోల్ గేట్లు, ఘాట్ రోడ్డు.

12 మాట నేను గూడ నమ్మను, గంత లోడ్ మీద 8 నుంచి 10 మధ్యల అనుకొని బడ్జెట్ వేసుకో. అట్లని చిన్న తేడాకు భయపడకు. 10 ఇచ్చే బండికీ 11 ఇచ్చే బండికీ 1000 కిలోమీటర్లకు తేడా 9 లీటర్లు, ఏడాదికి 5000 తిరిగితే 45 లీటర్లు, లీటరు 95 అనుకున్నా 4300 దాక. లక్షలు పోసి బండి కొంటున్నవ్, ఏడాదికి 4300 కోసం బాపు పండుకునే జాగ ఇరుకు చేస్కోకు. ఇంకోటి, రాత్రి ఏసీ కోసం ఇంజన్ ఆన్‌ల పెట్టి పండుకోవద్దు, గంటకు ఇంచుమించు లీటరు తాగుతది, పొగ లోపలికొచ్చే ప్రమాదం గూడ ఉన్నది. కరెంటు పాయింటు ఇచ్చే కాడ ఆపుకొని పండుకో.

నల్గొండ_బాటసారి:
మస్తు విషయాలు చెప్పిండ్రు అన్నా. ఒక్క డౌటు, నీళ్లు తక్కువ నింపుకొని పోతే పెద్ద బండే తీస్కోవచ్చా? శ్రీశైలం రోడ్డు మీద దానితోని ఇబ్బంది అయితదా?

అచ్చంపేట_దిక్కు:
నీళ్ల ముచ్చట మంచిగ అడిగినవ్. ఇంటికాడ ట్యాంకు నింపి మోసుకపోవుడు దేనికి, దారి పొడుగునా దొరుకుతయి. 50, 60 లీటర్లు పెట్టుకొని దిగే ఊరి దగ్గర్ల నింపుకో. అయితే ఆ ట్యాంకు ఏడ బిగించిండ్రో వంగి చూడు. ముందు వెనక చక్రాల నడుమ కిందికి ఉంటే మంచిది. వెనక చక్రాల అవతల, తోక సైడు ఉంటే నీళ్లు నింపినప్పుడల్లా ముందు చక్రాలు తేలికైతయి, స్టీరింగ్ పట్టు తప్పుతది. కాంటా కాడ ముందు చక్రాలు మాత్రం ఎక్కిచ్చి ఒకసారి, మొత్తం ఎక్కిచ్చి ఒకసారి తూకం తీయ్, మొత్తంల నుంచి ముందుది తీసేస్తే వెనక ఇరుసు మీద ఎంతుందో తెలుస్తది. వెనక టైర్ల మీద లోడ్ ఇండెక్స్ నంబరు ఉంటది, 100 అని ఉంటే ఆ టైరు 800 కిలోలు మోస్తది, 104 అయితే 900, దాంతోని పోల్చు.

మా రోడ్డు సంగతంటవా, డిండి దాటి మన్ననూర్ దాక ఇబ్బంది లేదు. అసలు పని దోమలపెంట, ఈగలపెంట దాటినంక కృష్ణ దిక్కు దిగేటప్పుడే. బరువు బండి దిగుడుల బ్రేకు మీద కాలు పెట్టే ఉంచితే బ్రేకులు కాలి పట్టవు, వాసనొస్తది, పెడల్ మెత్తబడ్తది. ఎక్కేటప్పుడు ఏ గేరు వేస్తవో గదే గేరుల దిగాలె, న్యూట్రల్ మాత్రం అస్సలే వద్దు. మీ అమ్మ బాపు, పిల్లలు ఉంటరు బండిల, ఈ ఒక్కటి మరవకు. రాత్రి 9 నుంచి పొద్దుగాల 6 దాక అడివి గేటు బంద్, దాన్ని చూసుకొని బయల్దేరు.

పాలమూరు_హైవే:
ఇంకోటి మర్చిపోయిన. ఆర్సీల బండి క్లాసు మోటార్ కారవాన్ (మోటార్‌హోమ్‌కు ఆర్సీల రాసే పేరు) అని పడ్డదా చూడు. ప్యాసింజర్ బండిని ఇంటికాడ కోసి కట్టి ఆర్టీఓకు చెప్పకపోతే రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సోళ్లు పేచీ పెడతరు. లైసెన్స్ గురించి భయం లేదు, 7500 కిలోల లోపు గ్రాస్ వెయిట్ ఉంటే కారు లైసెన్సే సరిపోతది.

మిర్యాలగూడ_స్టీరింగ్:
తమ్మీ, పెద్దదే కావాలంటే అమ్మేటాయనతోని ఒక బేరం పెట్టు, గ్రానైట్ తీసేసి పల్చని స్టీల్ షీటు ఏపియ్యమను, బ్యాటరీలు లిథియం చేపియ్యమను, ఆ ఖర్చు రేట్ల తగ్గించుకోమను. దాని తర్వాత డీజిల్ ఫుల్ చేపిచ్చి, మీ ఆరుగురూ ఎక్కి కాంటాకు పోండ్రి. ఆర్సీల ఉన్న గ్రాస్ కంటే 150, 200 కిలోలు తక్కువ వస్తే బయానా ఇయ్యి. సరిసమానంగ వస్తే చిన్న బండిని గూడ గిట్లనే తూకం వేయించి చూడు.